మాంగనీసు గని, అయిదు బోరింగులు: నీటి పరీక్షల డైరీ

జనవరిలో పట్టిన 14 నమూనాలను మార్చిలో పెరట్లో పారబోశాను. డైరీని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఇలాంటి పని తలకెత్తుకునేవారికి ముందుగా తెలియాల్సింది ఆ 14 ఎలా చెడ్డాయన్నదే.

చోటు ఒడిశాలోని రాయగడ జిల్లాలో, పార్వతీపురం వైపు సరిహద్దుకు దగ్గర. సగం ఇళ్లలో తెలుగు, మిగిలిన వాటిలో ఒడియా, కువి. ఊరి పేరు రాయడం లేదు; పిల్లనిచ్చే వాళ్లు, భూమి కొనే వాళ్లు దీన్ని చదివి వెనక్కి తగ్గడం నాకు ఇష్టం లేదు. ఈ ప్రాంతంలోని నిషిఖల్, కుటింగ మాంగనీసు నిక్షేపాలతో పోలిస్తే మా పక్కనున్న మాంగనీసు గని ఒక గుంట. తాతల కాలంలో తవ్వారు, నాన్నల కాలంలో వదిలేశారు. ఇక్కడి రాయి ఖోండలైటు. ఇక్కడి గిరిజనులైన ఖోండుల పేరే ఆ రాతికి పెట్టారు. ఇదే రాతి పట్టీ సరిహద్దు దాటి గరివిడి, కోడూరు గనుల వైపు సాగుతుంది.

ఫిర్యాదు ఒక్కటే. బిందెల లోపల నల్లటి జిగట పొర, తెల్ల పంచెల మీద ముదురు మరకలు. ఊరంతా గని గొయ్యి వైపే వేలు చూపింది. కాగితం మిల్లు ప్రయోగశాలలో 26 ఏళ్లు పనిచేసిన నేనూ అటే చూపించాను.

పరీక్షించిన చోట్లు 11: అయిదు బోరింగులు (బో-1 నుంచి బో-5), నాలుగు నూతులు (నూ-1 నుంచి నూ-4), గని గొయ్యి, గెడ్డ (వాగు). అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మాంగనీసు 0.1 దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 0.3 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక మార్గదర్శక విలువ 0.08. సీసాపాలు తాగే పసిపిల్లలను దృష్టిలో పెట్టుకుని దాన్ని అంత తక్కువగా ఉంచారు.

దశ 1: పారబోసిన 14 (జనవరి–ఫిబ్రవరి)

11 చోట్ల ఒక్కొక్కటి, మూడు చోట్ల రెండోసారి. తప్పులు తీవ్రత వరుసలో:

1. బోరింగు నాలుగుసార్లు కొట్టి, వచ్చిన నీళ్లు పట్టేశాను. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లవి.
2. వడపోయలేదు. నూతుల నీళ్లలో తేలే మట్టి కూడా సీసాలోకి వచ్చింది. ఆ మట్టిలోనే మాంగనీసు ఉంది.
3. ఆమ్లం కలపలేదు. తొమ్మిది రోజులు సీసాలు నా బల్ల కింద ఉన్నాయి. కరిగి ఉన్న మాంగనీసు గాలి తగిలి, నెమ్మదిగా సీసా గోడకు అంటుకుంటుంది.
4. సీసాలు పెళ్లిలో మిగిలిన మంచినీళ్ల సీసాలు. దీని గురించి ఇంకేమీ రాయను.

రెండో తప్పు అంకెను పెంచుతుంది, మూడోది తగ్గిస్తుంది. రెండూ ఒకే సీసాలో ఉంటే వచ్చిన అంకెకు అర్థమే లేదు. అయినా ప్రయోగశాలకు పంపిన మూడింటిలో బో-2లో ఇనుము 6.8 అని రాగానే, "గని ఇనుము" అని పంచాయతీ అరుగు మీద కూర్చుని చెప్పేశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మూడు నెలలు పట్టింది.

మొత్తం: నమూనాలు 14, పనికొచ్చినవి 0. ఖర్చు రూ. 5,150.

దశ 2: ఇనుము గనిది కాదు, గొట్టానిది (మార్చి)

బో-2 దగ్గర తెల్లవారుజామున, ఎవరూ రాకముందే నిలబడ్డాం. మేనల్లుడు కొట్టాడు, నేను పట్టాను. ఇనుము ఇలా వచ్చింది: మొదటి చెంబు 6.0; 5 నిమిషాలకు 3.5, 10 నిమిషాలకు 1.5, 20 నిమిషాలకు 0.6, 40 నిమిషాలకు 0.3.

భూమిలోంచి వచ్చే ఇనుమైతే ఇలా తరగదు. ఈ నీటి పీహెచ్ 5.9. ఆ పులుపుకు జింకు పూత ముందు పోతుంది, తరువాత ఇనుప గొట్టం కరుగుతుంది. మెకానిక్కు బోరింగు విప్పి గొట్టాలు పైకి లాగితే, మూడో గొట్టానికి బఠాణీ గింజంత చిల్లులు. "సార్, ఇది గని కాదు, తుప్పు" అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు.

నీటి పరీక్ష కిట్ లేనివారికి మా అమ్మ చెప్పిన పరీక్ష ఒకటుంది. జామాకు నలిపి గ్లాసు నీళ్లలో వేయండి. ఇనుము బాగా ఉంటే నీళ్లు ముదురు ఊదాగా, ఆపైన నల్లగా మారతాయి. మాంగనీసుకు అలా మారవు. బో-2 మొదటి చెంబు సిరాలా నల్లబడింది. బో-3 నీళ్లలో జామాకు ఆకుపచ్చగానే తేలింది. అయినా బో-3 బిందెలే ఎక్కువ నల్లగా ఉన్నాయి. అనుమానం ఇనుము మీద నుంచి మాంగనీసు మీదకు పూర్తిగా మళ్లింది ఆ గ్లాసు దగ్గరే.

ఇక పాత నీటిని ఎంతసేపు తోడాలి? పుస్తకం లెక్క: బోరు వ్యాసం 125 మిల్లీమీటర్లు, అంటే మీటరు లోతుకు సుమారు 12.3 లీటర్లు. లోతు 45 మీటర్లు, నీటి మట్టం 7.5 మీటర్ల దగ్గర; నిలిచిన నీళ్లు దాదాపు 460 లీటర్లు. మూడింతలు తోడాలంటే 1,380 లీటర్లు. నిమిషానికి 12 లీటర్ల చొప్పున దాదాపు రెండు గంటలు కొట్టాలి. మేనల్లుడు చేతులెత్తేశాడు.

1,380 లీటర్లంటే 15 లీటర్ల బిందెలు 92. ఆ పని రోజూ పొద్దున ఎలాగూ జరుగుతోంది కదా! అప్పటి నుంచి పద్ధతి మార్చాం:

1. ఉదయం బిందెల వరస మొదలవగానే వెళ్లి, చివర నిలబడాలి. బిందెలు లెక్కపెట్టాలి.
2. 60 దాటాక అయిదు నిమిషాలకోసారి పీహెచ్, విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన ఉప్పులు పెరిగితే ఇదీ పెరుగుతుంది), ఉష్ణోగ్రత చూడాలి.
3. వరుసగా మూడుసార్లు అంకెలు కదలకపోతే అప్పుడు పట్టాలి.
4. 0.45 మైక్రాన్ల సిరంజి వడపోతతో అక్కడే వడపోయాలి.
5. నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి, పీహెచ్ 2 కన్నా తగ్గిందని కాగితంతో చూడాలి. ఆమ్లం ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు.
6. సీసా మీద పెన్సిలుతో రాయాలి. తడి తగిలితే సిరా పోతుంది. (పోయింది.)

మీటర్లను రోజూ పొద్దున పీహెచ్ 4, 7 ద్రావణాలతో, వాహకతను 1,413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో సరిచూశాను. ఒక రోజు బద్ధకించాను. ఆ రోజు అంకెలన్నీ కొట్టేశాను.

ఇప్పటిదాకా మొత్తం: నమూనాలు 22, పనికొచ్చినవి 8 (ఇనుముకు మాత్రమే). ఖర్చు రూ. 9,930.

దశ 3: గులాబీ రంగుతో కుస్తీ (ఏప్రిల్)

మాంగనీసును ఆమ్లంలో పొటాషియం పెరయోడేటుతో మరిగిస్తే పర్మాంగనేటు అవుతుంది. ఆ గులాబీ రంగును, తెలిసిన బలం ఉన్న పర్మాంగనేటు వరసతో పోల్చి చదవాలి. 0.2877 గ్రాముల పొటాషియం పర్మాంగనేటు లీటరు నీటిలో కరిగిస్తే మాంగనీసు 100 అవుతుంది. దాన్ని పలచన చేసుకుంటూ 0.1, 0.2, 0.3, 0.5, 1.0 తయారుచేశాను. పొడవాటి గాజు గొట్టాల్లో పోసి, కింద తెల్ల కాగితం పెట్టి, పైనుంచి లోపలికి చూడాలి. 0.1 కన్నా తక్కువను నా కన్ను పట్టలేదు. మేనల్లుడి కన్ను పట్టానని చెప్పింది. మాంగనీసు లేని నీళ్లిచ్చినా పట్టానంది.

మొదటి విడత 11 చోట్లలో తొమ్మిది పాడయ్యాయి. పోలిక వరసను ముందురోజే కలిపి, ప్లాస్టిక్ సీసాల్లో ఉంచడమే కారణం. పలచని పర్మాంగనేటు నిలవ ఉండదు. తెల్లారేసరికి గులాబీ పాలిపోయి, అడుగున గోధుమ పొడి చేరింది. పోలిక రంగు పాలిపోతే నమూనా ఎక్కువ గులాబీగా కనిపిస్తుంది. నూ-2లో 0.7 అనుకున్నది మర్నాడు తాజా వరసతో చూస్తే 0.1 దగ్గర ఉంది. వరస ప్రతిసారీ కొత్తగా కలపాలి, గాజులోనే ఉంచాలి.

రెండో విడతలో ఇంకో వింత. బో-3లో గులాబీ రంగు వచ్చి, కళ్ల ముందే పోయింది. చివరికి 0.4 అని చదివాను. ప్రయోగశాల 0.92 అంది. ప్రయోగశాలే తప్పని రెండు రోజులు వాదించాను. తప్పు నాదే. బో-3లో క్లోరైడు 118 ఉంది. అది పర్మాంగనేటును తినేస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తెల్లటి పొగ వచ్చేదాకా కాచి క్లోరైడును ముందే పంపేయాలి. ఆ పని ఇంట్లో చేయకండి. నాకు అలవాటున్నా నేను చేయలేదు. క్లోరైడు ఎక్కువుంటే నమూనాను ప్రయోగశాలకు పంపడమే దారి.

ప్రయోగశాల అంకెలు: బో-1 0.06, బో-3 0.92, నూ-4 0.12, గొయ్యి పైనీరు 0.04, గొయ్యి అడుగు 1.6; డిస్టిల్డ్ నీటి ఖాళీ నమూనా 0.01 కన్నా తక్కువ.

గొయ్యి అడుగు నీటిని పట్టడానికి సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే తాడు కట్టాం. 9 మీటర్లు దిగాక బిరడా లాగాలి. మూడుసార్లు బిరడా రాలేదు, ఒకసారి సీసాయే రాలేదు. పైనీటిలో 0.04 అంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. "గని గొయ్యి కన్నా మన బోరింగే పాడైనదా?" అని నవ్వారు. ఎండ, గాలి తగిలే నీటిలో మాంగనీసు కరిగి ఉండదు, నల్ల పొడిగా అడుగుకు దిగుతుంది. గాలి అందని అడుగున మళ్లీ కరుగుతుంది. అడుగు 1.6 చూసి నేను మళ్లీ పాత కథకే వెళ్లాను. గొయ్యి అడుగు నుంచి బో-3కి భూమిలో దారి ఉంటుందన్నది నా ఊహ.

మొత్తం: నమూనాలు 44, పనికొచ్చినవి 21. ఖర్చు రూ. 18,480.

దశ 4: నీళ్లు ఎటు నడుస్తాయి (మే)

ఆ ఊహ నిలవాలంటే గొయ్యి నీటి మట్టం బో-3 దగ్గరి నీటి మట్టం కన్నా ఎత్తులో ఉండాలి. ఫోనులో ఎత్తు చూశాం. ఒకే మెట్టు మీద నిలబడితే పొద్దున, సాయంత్రం 14 మీటర్ల తేడా. ఫోను జేబులో పెట్టేశాం.

మేస్త్రీలు పునాది మట్టం చూసే పారదర్శక గొట్టం, 20 మీటర్లది, తెచ్చాం. రామమందిరం కింది మెట్టు 100.00 అనుకుని, అక్కడి నుంచి చోటు చోటుకూ మట్టం దించుకుంటూ వెళ్లి, చుట్టు తిరిగి మళ్లీ అదే మెట్టుకు వచ్చాం. మొదటి చుట్టులో 310 మిల్లీమీటర్ల తేడా. గొట్టంలో వేలెడంత గాలి బుడగ, ఎండకు మెత్తబడి వంగిన చోట దాక్కుంది. రెండోసారి తెల్లవారుజామునే మొదలుపెట్టి, ప్రతి మజిలీలో గొట్టం పైకెత్తి బుడగ చూశాం. తేడా 41 మిల్లీమీటర్లకు దిగింది. మా పనికి అది చాలు.

నూతుల్లో నీటి లోతుకు టేపు చివర రెండు మీటర్లకు సుద్ద పూసి దింపాలి. తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది. అన్నీ ఒకే రోజు, ఉదయం మోటార్లు వేయకముందు. నీటి పై మట్టాలు, మీటర్లలో:

నూ-1 (కొండ వైపు) 98.45
నూ-2 (ఊరి పడమర) 95.72
నూ-3 (ఊరి మధ్య, బో-3కి 12 మీటర్లు) 94.10
గని గొయ్యి 91.35
నూ-4 (దిబ్బ కింది పొలం) 89.40
గెడ్డ 87.60

గొయ్యి నీరు ఊరి మధ్య నీటి కన్నా 2.75 మీటర్లు కిందుంది. గని పక్కన పోసిన దిబ్బ ఎత్తు చూసి మూడు తరాలుగా గొయ్యి కూడా ఎత్తులో ఉందనుకున్నాం. నీళ్లు కొండ నుంచి ఊరి కిందుగా గొయ్యి వైపు, అక్కడి నుంచి గెడ్డకు, గెడ్డ నుంచి నాగావళికి. బోరింగు కొట్టుడుకు ఈ తేడా తిరగబడదు.

"మామయ్యా, అయితే గని తప్పు లేదా?" అన్నాడు మేనల్లుడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా. నూ-4 విషయంలో ఉంది. అది దిబ్బ నీళ్లు దిగే దారిలో ఉంది. ఎండాకాలం 0.12 ఉన్న ఆ నుయ్యి తరువాత ఆగస్టు వానల్లో 0.35కు చేరింది. అది పొలానికే వాడతారు. కానీ బో-3కి జవాబు అక్కడ లేదు.

మొత్తం: నమూనాలు 44, పనికొచ్చినవి 21. ఖర్చు రూ. 20,420.

దశ 5: గని బండెక్కి వచ్చింది (జూన్, వానలకు ముందు)

బో-3 అంకెలను మళ్లీ పరిచాను. క్లోరైడు 118, బో-1లో 14. నైట్రేటు బో-1లో 18 ఉంటే, బో-3లో లేనట్టే. ఇనుము తక్కువ. మాంగనీసు ఎక్కువ. క్లోరైడు పశువుల మూత్రం, మురుగు నీళ్ల గుర్తు. మరి మురుగు దిగితే నైట్రేటు కూడా ఉండాలి కదా?

ఇక్కడే ఒక రాత్రి పోయింది. భూమిలోకి కుళ్లు దిగితే అక్కడి సూక్ష్మజీవులు ముందు నీటిలోని ఆక్సిజన్ వాడుకుంటాయి, అది అయిపోతే నైట్రేటు, తరువాత మాంగనీసు ఆక్సైడు, ఆపైన ఇనుము ఆక్సైడు. నైట్రేటు ఖాళీ, మాంగనీసు కరుగుతోంది, ఇనుము ఇంకా మొదలవలేదు. బో-3 సరిగ్గా మూడో మెట్టు మీద ఉంది. కుళ్లు పెంటకుప్పది, బోరింగుకు 6.5 మీటర్ల దూరంలో. మరి కరిగే మాంగనీసు ఎక్కడిది?

బో-3 గట్టు పక్కన 60 సెంటీమీటర్లు తవ్వించాం. ఎర్రమట్టి రావాలి. వచ్చింది నల్ల గులక. చేతిలో పెట్టుకుంటే సైజుకు మించిన బరువు. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు చుక్క వేస్తే బుసబుస పొంగింది. మిల్లులో గుజ్జు తెల్లబరిచే పెరాక్సైడును మాంగనీసు ఇలాగే పాడుచేసేది. దాన్ని తిట్టుకుంటూ 26 ఏళ్లు గడిపినవాడికి ఆ నురగ చూడగానే అర్థమైంది. కుళ్లిన మట్టి కూడా కొంచెం పొంగుతుంది కాబట్టి పక్కన మామూలు ఎర్రమట్టి, పెంటమట్టి పెట్టి పోల్చాం. పోలికే లేదు.

ఊరి పెద్దాయన ఒకరు గుర్తుచేసుకున్నారు. బోరింగు వేయకముందు అక్కడ పల్లం. వానకు మోకాలి లోతు నీళ్లు. గని దిబ్బ నుంచి ఎడ్లబళ్ల మీద తుక్కు తోలి, ఊరే పూడ్చుకుంది. తోలినవారిలో మా నాన్న ఉన్నారు.

కుళ్లు నీళ్లు నిజంగా బోరులోకి దిగుతున్నాయా అని ఉప్పుతో చూశాం. ముందు ఊరి అనుమతి. ఒక పెద్దమ్మ, "ఉప్పే కదా బాబూ, రెండు రోజులు కూరలో తగ్గించి వేసుకుంటాం" అంది. అయినా రక్తపోటు ఉన్నవారికి, పసిపిల్లలకు బో-1 నుంచి తెమ్మని ఇల్లిల్లూ చెప్పాం.

1. 20 కిలోల కల్లుప్పు 200 లీటర్ల పీపాలో కరిగించి, పెంటకుప్ప పక్క గుంటలో పోశాం.
2. బో-3 వాహకత గంటకోసారి. మొదట 690 మైక్రోసీమెన్స్.
3. బో-2 కూడా, పోలికకు.
4. 26వ గంటకు కదలిక. 41వ గంటకు 905. అయిదో రోజుకు 720. బో-2లో మార్పు లేదు.

రెండో రాత్రి 2 నుంచి 5 వరకు అంకెలు లేవు. మేనల్లుడు నిద్రపోయాడు. నేనూ.

6.5 మీటర్లు ఒక రోజులో అంటే మట్టిలో ఇంకిన వేగం కాదు. గట్టు పగిలి ఉంది, బోరు గొట్టానికీ నేలకూ మధ్య సందు మూయలేదు. కుళ్లు నీళ్లు నల్ల గులక మీదుగా నడిచి, ఆ సందులోంచి దిగుతున్నాయి.

మొత్తం: నమూనాలు 48, పనికొచ్చినవి 25. ఖర్చు రూ. 23,260.

దశ 6: మార్పు, మళ్లీ కొలత (జూన్ చివర–నవంబరు)

పెంటకుప్పను ఊరి దిగువకు, బోరింగుకు 40 మీటర్ల అవతలికి మార్చాం. అది మూడు కుటుంబాలది. తగువు గురించి రాస్తే ఈ డైరీ రెట్టింపు అవుతుంది. గొట్టం చుట్టూ రెండు మీటర్లు తవ్వి బంకమట్టి, పైన సిమెంటు కూరి, గట్టు కొత్తగా పోసి, మురుగు కాలువ తిప్పాం. ఇంటింటికీ ఒక మాట చెప్పాం: ఈ నీళ్లు కాచితే మాంగనీసు పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లల పాలకు బో-1 నీళ్లే.

కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలన నూతులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. ఆగస్టు, నవంబరు వాటిలో ఉన్నాయి. మేమూ ఆ నెలలు వదలకుండా చూసుకున్నాం. బో-3 మాంగనీసు: జూన్ 0.92, ఆగస్టు 0.71; సెప్టెంబరు 0.41, నవంబరు 0.58. క్లోరైడు 118 నుంచి 52కు దిగి, అక్కడే ఉంది.

నవంబరు అంకె చూసి నమూనా తప్పనుకున్నాను. మళ్లీ పట్టాను, 92 బిందెల తరువాతే. 0.57. తప్పు కాదు. పెంటకుప్ప మార్చాం గాని, దాని కింద ఏళ్ల తరబడి నానిన మట్టి అక్కడే ఉంది. అక్టోబరు వానలకు నీటి మట్టం పెరిగి ఆ మట్టిని తాకింది.

మొత్తం: నమూనాలు 54, పనికొచ్చినవి 31. ఖర్చు రూ. 32,260.

సంక్రాంతి వెళ్లాక పాత పెంటకుప్ప చోట మీటరు లోతు తవ్వాలి. మేస్త్రీ లెక్క ప్రకారం 11 ట్రాక్టర్ల మట్టి, నల్ల గులకతో కలిపి. ఎక్కడ పోయాలో ఊళ్లో ఇంకా తేలలేదు. గని గొయ్యిలోనే పోద్దామని ఇద్దరన్నారు. దాని అడుగు 1.6 అని గుర్తుచేశాను.